చేతులు ఊగని జాడ

పొగమంచు పట్టిన పొద్దునే అది వచ్చేది. ఆకాశం తేటగా ఉన్న రోజున ఎంత వెతికినా కనబడేది కాదు.

తవిటయ్య మొదట్లో దాన్ని పట్టించుకోలేదు. సిగ్నల్ విభాగంలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాక తాల్‌బగీచా పేటలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాడు. భార్య చిలకమ్మ పోయి మూడేళ్లయింది. వంట తనే చేసుకుంటాడు, గిన్నెలు తనే తోముకుంటాడు. సాయంత్రమైతే మాట్లాడటానికి మనిషి లేక వాకిట్లో మొక్కలతో నాలుగు ముక్కలు మాట్లాడి లోపలికి పోతాడు. ఆ స్థితిలో ఉండగా పాత స్నేహితుడి కూతురు కిరణ్మయి వచ్చింది.

"ఇంట్లో కూకుని ఏటి సేస్తావు బాబాయ్? నా దగ్గరికి రా. నాకు రెండు కళ్లు గావాల."

"కళ్లకి ఆపరేషనైంది తల్లీ."

"అయితే మరీ మంచిది. కొత్త కళ్లు."

కిరణ్మయి ట్రాఫిక్ కాలనీలో పుట్టి, ఇంజినీరింగు చదివి, కలకత్తాలోని ఒక చిన్న కంపెనీలో చేరిన పిల్ల. ఆ కంపెనీ ట్రాఫిక్ కాలనీ వెనక, పట్టాల పక్కన, ఒక స్తంభం మీద రాడార్ బిగించి పరీక్షిస్తోంది. అక్కడ కాలనీ గోడ పడిపోయి ఒక సందు ఏర్పడింది. ఆ సందులోంచి దిగి పట్టాలు దాటితే అవతల నిమ్‌పురా గూడ్సు యార్డు. వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవడం కన్నా అదే దగ్గర. కాబట్టి జనం అక్కడే దాటుతారు, అప్పుడప్పుడు చస్తారు కూడా. మనిషి పట్టాల మీదికి వస్తే రాడార్ పసిగట్టాలి. స్తంభం మీది పెట్టె గంట మోగించి, వచ్చే బండికి ఎర్రదీపం చూపించాలి. కాకి వాలినా, ఆకు కొట్టుకొచ్చినా మోగకూడదు. అలా మోగే గంటను నాలుగు రోజులయ్యేసరికి ఏ డ్రైవరూ లెక్కచెయ్యడు.

ఏది మనిషో, ఏది కాదో పెట్టెకు పుట్టుకతో తెలియదు. ఎవరో ఒకరు నేర్పాలి. మధ్యాహ్నాలు తవిటయ్య చేసే పని అదే. రాడార్ చూసిన ప్రతి కదలికా తెర మీద చుక్కల వరసగా పడుతుంది. దాన్ని వాళ్లు జాడ అంటారు. జాడ కింద ఒక పట్టీ. పట్టీ మధ్యలో లావుపాటి గీత ఒళ్లు. దానికి అటూ ఇటూ అలల్లా లేచిపడేవి ఊగే చేతులూ కాళ్లూ. కుక్క అలలు దువ్వెన పళ్లలా దగ్గరగా ఉంటాయి. ఆవు గీత తల ఊపుకుంటూ నింపాదిగా సాగుతుంది. కాకి ఒక్క గీకుడు గీకి మాయమవుతుంది. జాడనూ, కెమెరా బొమ్మనూ పోల్చి చూసి తవిటయ్య పక్కనే రాస్తాడు: మనిషి. కుక్క. ఆవు. ఏదీ కాకుండా ఇనుము మీద పడ్డ ప్రతిబింబమో, వాన జల్లో అయితే, 'ఉత్తది'.

ఆ పని ఆయనకు నచ్చింది. రాడార్‌కు మొహాలు కనబడవు, చీర చిరుగులు కనబడవు. కానీ కుంటుతూ వెనకబడ్డ జాడ కోసం ముందు పోతున్న జాడ ఆగడం కనబడుతుంది. పెద్ద జాడ చిన్న జాడను పట్టాలకు దూరంగా తన అవతలి పక్కకు మార్చుకోవడం కనబడుతుంది. ఇంత పెద్ద యార్డులో ఎవరూ చూడని సమయాన మనుషులు ఒకరికోసం ఒకరు ఎన్నిసార్లు ఆగుతారో, అది ఆ తెర ముందు కూచున్నాకే ఆయనకు తెలిసింది.

ఇక ఆ జాడ సంగతి. మంచు పొద్దున కెమెరా బొమ్మ తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. ఆ తెలుపులో ఏమీ లేదు. రాడార్ తెర మీద మాత్రం సందులోంచి ఒక గీత బయల్దేరేది. రేకు ముక్కలా మెరిసే లావుపాటి గీత. నడిచే వేగమే. కానీ అటూ ఇటూ చేతుల అలలే లేవు. అడుగున ఒక సన్నటి వణుకు, అంతే. సగం దూరం వచ్చాక, రెండు పట్టాల నడుమ, అది ఆగేది. కాసేపు అలాగే నిలబడి మళ్లీ సాగి, నిమ్‌పురా వైపు నిలిపిన వ్యాగన్ల చాటున ఆరిపోయేది. పెట్టె దాని పక్కన 'తెలియదు' అని రాసేది. తెలియనిదానిక్కూడా గంట మోగించాలన్నది నియమం కాబట్టి మోగించేది.

"ఏటి తవిటయ్యా, చేతుల్లేని మనిషిని పట్టినావట?" అన్నాడు విల్‌ఫ్రెడ్. ఒకప్పుడు గూడ్సు బండ్లకు గార్డు. ఇప్పుడు ఈ తెర ఉన్న గదికి వాచ్‌మన్. "మా అమ్మమ్మ సెప్పేది. యార్డులో పోయినోడు యార్డు ఒగ్గడంట. డ్యూటీ దిగినట్టు సంతకం పెట్టనేదు గదా!"

"ఊరుకో అంకుల్," అంది కిరణ్మయి. "తోపుడు బండేమో. లేకపోతే ఇనుములో పడ్డ ప్రతిబింబం."

"తోపుడు బండి కంకరరాళ్ల మీద ఎలా నడుస్తదే పిల్లా?" అన్నాడు విల్‌ఫ్రెడ్.

కిరణ్మయి జాడను మళ్లీ మొదటి నుంచి తిప్పి చూసింది.

ఆ సాయంత్రం బియ్యం కడుగుతుండగా తవిటయ్య చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. చేతులు ఊగకుండా నడిచే మనిషిని ఆయన ఎరుగును. ఏటా అమ్మవారి పండగకు చిలకమ్మ నెత్తిన ఘటం ఎత్తుకునేది. ఇత్తడి బిందె, రెండు చేతులూ పైకెత్తి పట్టుకోవాలి. ఘటం ఎత్తిన మనిషి పలకకూడదు, వెనక్కి తిరగకూడదు. ఊరేగింపు పట్టాలు దాటేటప్పుడు నడుమకు వచ్చాక మిగతా ఆడవాళ్లు గబగబా దాటిపోయినా చిలకమ్మ ఆగేది. బిందెలోంచి చేరెడు పసుపు నీళ్లు తీసి పట్టా పక్కన పోసేది. అలా చేసేది ఆవిడ ఒక్కతే. తోటివాళ్లు నవ్వేవాళ్లు. ఇంటికొచ్చాక ఆయనా నవ్వుతూ అడిగితే, "బండి కింద పోయినోలకి దాగమేస్తది గాదా. అంత ఎండలో ఎవలు పోస్తారు?" అనేది.

మెరిసే గీత. ఊగని చేతులు. నడుమ ఆగడం. బియ్యం నీళ్లలోనే ఉండిపోయాయి. ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

మర్నాడు మంచు విడిచాక వెళ్లి ఆ చోటు చూశాడు. చక్రాలు తుడిచిన పట్టా అద్దంలా మెరుస్తోంది. కంకర మీద మంచు తడి తప్ప ఏమీ లేదు. చెయ్యి చాచి పట్టాను తాకాడు. మనిషి చెంపలా ఉంటుందనుకున్నాడో ఏమో, ఇనుము చల్లదనానికి ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు.

ఆ శుక్రవారం కిరణ్మయి తొందరలో ఉంది. "రేపు పొద్దున మనం రాసినవన్నీ పెట్టెలోకి ఎక్కిస్తన్నారు బాబాయ్. ఈ మంచు జాడ ఒక్కటే మిగిలిపోయింది. ఏటని రాయమంటావు?"

"మనిషని రాస్తే?"

"మనిషని తేలిపోతే ఆర్‌పీఎఫ్ పోలీసులకి రిపోర్టు పోతుంది. మంచులో కూడా పొద్దుటే వచ్చి కాపు కాస్తారు. విజిళ్లు, తరమడం, ఫైను. నీకు తెలీనిదేటి."

తవిటయ్య కళ్లముందు ఒక బొమ్మ నిలిచింది. నెత్తిన ఘటంతో మాట్లాడకుండా పోతున్న ఆవిడ. వెనక విజిళ్లు, లాఠీలు. బతికున్నన్నాళ్లూ ఎవరి చేతా ఒక మాట పడని మనిషి.

"ఉత్తది," అన్నాడు.

"పక్కా?"

"పక్కా."

కిరణ్మయి అలాగే రాసేసింది. మళ్లీ అలాంటిది ఎప్పుడు వచ్చినా పెట్టె పలకదు. ఎవరూ రారు, ఎవరూ తరమరు. ఇంటికి పోతూ దారిలో చేమదుంపలు కొన్నాడు. చాలాకాలానికి పులుసు కుదిరింది.

శనివారం మధ్యాహ్నం మిగిలిపోయిన జాడలు చూస్తున్నాడు. అవన్నీ కెమెరా అవసరం లేకుండానే తెలిసిపోయే జాడలు. అందులో ఒకటి నిమ్‌పురా నుంచి సందువైపు వస్తున్న మనిషి. అలలు చక్కగా ఉన్నాయి. ఎడమకాలి అల మాత్రం కుడిదాని కన్నా పొట్టి. కుడిచేతి అల చివర ఏదో మెరుస్తూ ఊగుతోంది. 'మనిషి' అని రాయబోతూ ఆగాడు. ఈ జాడను ఆయన ముందూ చూశాడు. వెనక్కి తిప్పాడు. మంచు పడిన ప్రతి పొద్దునా ఇది ఉంది. ఆ మెరిసే గీత నిమ్‌పురా వైపు పోయిన కొంతసేపటికి ఇది తిరిగి వస్తోంది. ప్రతిసారీ తన చేత్తోనే 'మనిషి' అని రాసి పక్కకు నెట్టేశాడు.

మెరిసే గీత అడుగున ఉన్న సన్నటి వణుకును పెద్దది చేసి చూశాడు. అక్కడా ఎడమ అల పొట్టిదే.

చిలకమ్మ కాళ్లు రెండూ సమానం. పోయేటప్పుడు నెత్తిన బరువు. వచ్చేటప్పుడు చేతిలో ఖాళీ గిన్నె. చచ్చినవాళ్లు ఖాళీ గిన్నె ఊపుకుంటూ ఇంటికి తిరిగిరారు.

"కిరణూ!"

ఆయన గొంతు విని ఆమె పరిగెత్తుకొచ్చింది. రెండు జాడలూ ఒకే మనిషివని తెర మీద చూపించాడు. "బాబాయ్, పొద్దుటే ఎక్కించేశారు. ఇప్పుడా పెట్టెకి ఈ మనిషి ఉత్తదే. గంట మోగదు, దీపం ఎలగదు. మార్చాలంటే కలకత్తా ఆఫీసోళ్లే మార్చాలి, సోమవారం దాకా ఎవరూ ఉండరు." ఒక్క క్షణం ఆగి, "పక్కా అన్నావు గదా బాబాయ్!" అంది.

ఎందుకన్నాడో ఆ పిల్లకు ఎలా చెప్పాలి? ఆమె యార్డుకు ఫోన్ చేసింది. మంచులో బండ్లు నెమ్మదిగా నడపమని చెబుతామన్నారు. చెబుతారు కూడా. కానీ షిఫ్టు మారితే మాట మారిపోతుందని తవిటయ్యకు తెలుసు. పైగా ఇప్పుడు డ్రైవర్లకు దీపం అలవాటైపోయింది. దీపం వెలగలేదంటే దారి ఖాళీ అనే వాళ్ల లెక్క.

"రేపు మంచు పడితే నేనే ఎళ్లి నిల్చుంటాను," అన్నాడు.

విల్‌ఫ్రెడ్ ఏ వెక్కిరింతా లేకుండా తన పాత గార్డు లాంతరు తెచ్చిచ్చాడు. ఎర్ర అద్దం తుడిచి మరీ ఇచ్చాడు.

ఆదివారం తెల్లవారేసరికి మంచు పడింది. చాచిన చెయ్యి చివర వేళ్లు కనబడనంత మంచు. తవిటయ్య సందు చేరేసరికి తను ఆలస్యమయ్యాడని చెవులే చెప్పాయి. ముందు ఎక్కడో కంకర మీద చెప్పుల చప్పుడు. ఒక అడుగు బలంగా, ఒక అడుగు తేలికగా. స్తంభం మీద గంట మౌనంగా ఉంది.

"ఎవరది? ఆగమ్మా!"

చప్పుడు ఆగలేదు. మంచు కాస్త పలచబడ్డ చోట ఆకారం కనిపించింది. రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి. తల మీద గుండ్రటి గిన్నె. వెనక్కి తిరగదు, పలకదు. తెలిసి తెలిసీ ఆయన ఒళ్లు జలదరించింది. నిన్న చూసిన లెక్కలన్నీ తప్పేమో, ఇది చిలకమ్మేనేమో అనిపించింది.

అప్పుడు నేల అదిరింది. నిమ్‌పురా వైపు నుంచి ఇంజిను ఖాళీ వ్యాగన్లను వెనక్కి నెట్టుకొస్తోంది. మంచులో శబ్దం అన్ని వైపుల నుంచీ వచ్చినట్టుంది. తవిటయ్య లాంతరు ఊపాడు. ఎర్రటి వెలుగు రెండు బారలు పోయి మంచులో ఇంకిపోయింది. ఆమె రెండు పట్టాల నడుమ ఆగి, వంగినట్టయి, మళ్లీ కదిలింది. తరవాతి పట్టా మీదికే అడుగు ఎత్తుతోంది. ఆయన పరిగెత్తాడు, కంకరలో మడమ మడతపడింది, పడబోయి నిలదొక్కుకున్నాడు. గొంతులోంచి ఒక్కటే మాట వచ్చింది.

"సిలకా!"

ఎత్తిన అడుగు గాల్లోనే ఆగింది. ఆమె వెనక్కి జరిగింది. ఆమె మొహానికి మూరెడు దూరంలో వ్యాగన్ల నల్లటి గోడ దొర్లుకుంటూ పోసాగింది. ఎంతకీ తరగలేదు. తరిగాక యార్డంతా దూదిలో చుట్టినట్టు అయిపోయింది.

తవిటయ్య కుంటుకుంటూ దగ్గరికి చేరాడు. మొహమంతా మఫ్లరు చుట్టుకున్న ముసలావిడ. నెత్తిన అల్యూమినియం గిన్నె, దాని మీద మూత. ఆయన్ని చూసి గిన్నె కింద దించి, చెవుల మీద మఫ్లరు ఊడదీసుకుంది. అప్పలకొండ. ట్రాఫిక్ కాలనీలో చివరి లైను మనిషి.

"నువ్వేనా బాబూ నా బుజం అట్టుకున్నావు?" అంది వణుకుతూ.

"నేనిప్పుడే గదమ్మా వచ్చాను. అక్కడి నుంచి పిలిచాను."

"పిలుపేటి? నాకేటీ ఇనపడనేదు. సలికి సెవులు కట్టీసినాను. ఎవలో బుజమట్టుకుని ఎనక్కి నాగినారు." ఆమె చుట్టూ చూసింది. ఆయనా చూశాడు. రెండు పట్టాలూ, మంచూ.

కాసేపటికి గానీ ఆమె కుదుటపడలేదు. నిమ్‌పురాలో సామాన్లు దించే కూలీలకు అంబలి అమ్ముతానంది. "మంచు పడనప్పుడు పొద్దుట పూట సందుకాడ ఆర్‌పీఎఫ్ బాబు కూకుంటాడు. రానీడు. వంతెన సుట్టూ ఎలతాను. మంచైతే ఆడికి నాను కనపడను గదా, ఇటే ఎల్లిపోతాను."

"మరి నడుమ ఆగుతావెందుకు?"

"సేరెడు అంబలి పోస్తాను. మీ సిలకమ్మప్ప నేర్పినదే. ఆయమ్మ పోయినకాడినుంచి నాను పోస్తన్నాను. మరెవలు పోస్తారు?"

ఆమె మూతలో అంబలి వంచి ఆయన చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. ఆ చలిలో, ఆ పట్టాల పక్కన, దేవుడనేవాడు ఉంటే ఇలాగే ఉల్లిపాయ ముక్కలు వేసిన అంబలిలా వస్తాడనుకుంటూ తాగాడు.

సోమవారం కలకత్తా వాళ్లు పెట్టెను సరిచేశారు. నెత్తిన బరువున్న మనిషి చేతులు ఊగవని ఇన్నాళ్లూ ఎవరికీ తోచలేదని కిరణ్మయి తనను తానే తిట్టుకుంది. పాత జాడలన్నిటికీ 'మనిషి' అని రాశారు. అనుమానం ఉన్న దేన్నైనా ఇకపైన మనిషిగానే రాయాలని కాగితం రాసి గోడకు అంటించింది. తరవాత ఆదివారం జాడలు తెరిచింది.

"ఇది నువ్వు బాబాయ్. ఈ అడ్డదిడ్డం అలలు. ఏం పరుగెత్తినావు! ఇది అప్పలకొండమ్మ. మరి ఇదేటి?"

అప్పలకొండ గీతను ఆనుకుని ఇంకో గీత ఉంది. పలచగా. ఎక్కడి నుంచీ రాలేదు, నేరుగా అక్కడే మొదలైంది. దానికి చేతుల అలలు లేవు, అడుగున వణుకూ లేదు. అప్పలకొండ ముందుకు సాగాక కూడా అది అక్కడే కాసేపు ఉండి ఆరిపోయింది.

"వ్యాగన్ల ఇనుము మీద పడ్డ ప్రతిబింబం," అంది కిరణ్మయి, తనకు తనే చెప్పుకున్నట్టు. "ఇనుము ఎదురుగా ఉంటే ఒకటి రెండుగా కనబడతది. అంతే. ఉత్తదని రాసేయనా?"

ఇనుము అలా చూపిస్తుందన్న మాట నిజమే. తవిటయ్యకూ అది తెలుసు. కానీ ఆ గీత వ్యాగన్లు రాకముందే మొదలైందని కూడా ఆయన చూశాడు. ఆ మాట అనలేదు.

"గోడ మీద ఏటి రాసినావు తల్లీ?"

"అనుమానం ఉంటే మనిషని. కానీ బాబాయ్..."

"మనిషని రాసీ."

ఆమె ఆయన మొహం చూసింది. ఇంకేమీ అడగకుండా రాసి, పెట్టెలోకి ఎక్కించమని కలకత్తా పంపింది. గుమ్మంలో నిలబడ్డ విల్‌ఫ్రెడ్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

మళ్లీ మంచు పడిన పొద్దున తవిటయ్య అప్పలకొండతో పాటు సందు దగ్గరికి వెళ్లాడు. కాపున్న ఆర్‌పీఎఫ్ బాబును తాను పూచీ అని ఒప్పించాడు. ఆమె కంకర మీద కాలు పెట్టగానే స్తంభం మీద గంట మోగింది. ఎర్రదీపం వెలిగింది. దూరంగా వస్తున్న ఇంజిను బ్రేకులు కీచుమని ఆగింది. ఆమె నడుమ ఆగి చేరెడు పోసింది. మళ్లీ నడిచి అవతలికి చేరి, మంచులో కలిసిపోయింది.

గంట ఆగలేదు.

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఆమె దాటేసింది గదా దాదా! ఇంకా కౌన్ హై?"

పట్టాల మీద ఎవరూ లేరు. తవిటయ్య చెయ్యెత్తి, కాస్త ఆగమన్నాడు. డ్రైవరు గొణుక్కుంటూనే ఆగాడు. ఇంజిను నుంచి వెచ్చటి గాలి వచ్చి ఆయన మొహాన్ని తాకింది. గంట మోగుతూనే ఉంది.

కొంతసేపటికి దానంతట అదే ఆగిపోయింది. అప్పుడు తవిటయ్య చెయ్యి దించి, వెళ్లమన్నాడు.